జిన్ సీసా మీద రాసున్న చరిత్ర

మార్టినీకి ఏ జిన్ మంచిది? మా టీములో ఈమధ్య ఈ ప్రశ్న తరచూ వస్తోంది. ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన ప్రతివాడూ ఏదో ఒక కొత్త రుచి మరిగి వస్తాడు కదా. ఒకప్పుడు కాఫీ గింజల మీద, తర్వాత చీజు మీద నడిచిన చర్చలు ఇప్పుడు జిన్ మీదకి మళ్ళాయి. ఒకడేమో నీలం సీసా అయితే కళ్ళు మూసుకుని కొనెయ్యొచ్చంటాడు. ఇంకొకడు ఖరీదే కొలబద్ద అంటాడు. మూడోవాడు "అసలు జిన్ అంటే ఆడవాళ్ళ మందు కదరా" అని చర్చ మూసేస్తాడు. ముగ్గురికీ నాదొకటే సమాధానం: సీసా వెనక్కి తిప్పి లేబుల్ చదవండి.

ప్రొడక్షన్‌లో ఏదైనా తేడా కొడితే మనం ముందు చూసేది లాగ్ ఫైలే. జిన్ లేబుల్ కూడా అలాంటిదే. అందులో మనకి కావలసినవి నాలుగు ముక్కలు. ఒకటి, జిన్ అన్న పేరు. రెండు, లండన్ డ్రై అన్న విశేషణం. మూడు, 42.8 శాతం అన్న అంకె. నాలుగోది సర్కారు లెక్కలో ఆ సీసా జాతి: ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్. ఈ నాలుగు ముక్కల వెనక మూడు నాలుగొందల ఏళ్ళ కథ ఉంది. అందులో కొంత మా ఆనందపురం చుట్టుపక్కలే నడిచింది.

నా వాదన ముందే చెప్పేస్తాను, చివరిదాకా ఆగలేనివాళ్ళ కోసం :) మంచి జిన్ అనేది చెట్టుకి కాసింది కాదు, చట్టమూ యంత్రమూ కలిసి తయారుచేసింది. లండన్ నాటుసారాకి ఆ అవకాశం దొరికింది. మన నాటుసారాకి దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలుసుకుంటే, మార్టినీకి ఏ జిన్ కొనాలో కూడా తెలుస్తుంది.

ముందు పేరు సంగతి. ఆనందపురం నుంచి తగరపువలస మీదుగా బండి మీద అరగంట వెళ్తే భీమిలి. అక్కడ సముద్రం ఒడ్డున ఒలందా వాళ్ళ సమాధులున్నాయి, చూసే ఉంటారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో, 17వ శతాబ్దంలో, డచ్ ఈస్టిండియా కంపెనీ వాళ్ళు బట్టల వ్యాపారం కోసం అక్కడ మకాం పెట్టారు. 1824లో ఇంగ్లీషువాళ్ళతో చేసుకున్న ఒప్పందం ప్రకారం 1825లో ఆ ఊరు అప్పగించి వెళ్ళిపోయారు. మధ్యలో యుద్ధాలూ, చేతులు మారడాలూ ఉన్నా, సుమారు నూటడెబ్భై ఏళ్ళ కాపురం.

ఆ డచ్చివాళ్ళ దేశంలో ఇంటింటి మందు జెనీవర్. ధాన్యంతో సారా కాచి, అందులో జునిపర్ అనే పొద కాయలు వేసి మళ్ళీ బట్టీ పట్టేవారు. జునిపర్‌ని వాళ్ళు జెనీవర్ అంటారు, అదే మందు పేరూ అయింది. ఇంగ్లీషువాళ్ళ నోట్లో అది అరిగి అరిగి జిన్ అయింది. జునిపర్ మనకి మరీ అపరిచితం కూడా కాదు. హిమాలయాల్లో పెరుగుతుంది. ఆయుర్వేదంలో దాన్ని హపుష అంటారు, జీర్ణానికి మంచిదని వాడతారు. యూరపులో కూడా జెనీవర్ మొదట్లో మందుగానే, అంటే ఔషధంగానే, చలామణీ అయింది. మన భాషలో ఔషధానికీ సారాకీ ఒకే మాట ఉండడం ఊరికే కాదు :)

కాబట్టి మొదటి సూత్రం: జిన్ అంటే జునిపర్. మూత తీసి వాసన చూస్తే పచ్చి కలప, దేవదారు లాంటి ఘాటు ముందు రావాలి. నిమ్మో, గులాబీయో, స్ట్రాబెరీయో ముందొచ్చి జునిపర్ వెనక ఎక్కడో దాక్కుంటే అది సోడాలో కలుపుకోవడానికి బాగుంటుందేమో గానీ మార్టినీకి పనికిరాదు. ఇంకో చిన్న సంగతి: జునిపర్ తర్వాత దాదాపు ప్రతి జిన్‌లోనూ పడే రెండో దినుసు ఏమిటో తెలుసా? ధనియాలు. మన పోపులపెట్టె లేకుండా వాళ్ళ జిన్ కూడా లేదు.

ఇక రెండో ముక్క, లండన్ డ్రై. ఇది చదవగానే లండన్‌లో తయారైందనుకుంటారు. కాదు. అది ఊరి పేరు కాదు, పద్ధతి పేరు. ఆ పద్ధతి పుట్టడానికి ముందు లండన్ ఏం చూసిందో తెలిస్తే మనవాళ్ళు నోరెళ్ళబెడతారు.

1688లో హాలెండు నుంచి వచ్చిన విలియం ఇంగ్లండు రాజయ్యాడు. ఫ్రెంచివాళ్ళతో యుద్ధం కాబట్టి ఫ్రెంచి బ్రాందీకి అడ్డు పడింది. ధాన్యం పండించే భూస్వాములకి మేలు చెయ్యాలని 1690లో ధాన్యంతో సారా కాచుకోవడానికి చట్టం చేసి తలుపులు బార్లా తెరిచారు. ఇక చూడండి. ప్రతి సందులోనూ బట్టీ, ప్రతి కొట్లోనూ జిన్. జునిపర్ ఖరీదైతే టర్పెంటైన్ నూనె పోసేవారు. సల్ఫ్యూరిక్ యాసిడ్ కూడా కలిపేవారు. ఘాటు తెలియకుండా పంచదార దట్టించేవారు. 1734లో జుడిత్ డిఫోర్ అనే స్త్రీ తన రెండేళ్ళ కూతుర్ని చంపి, ఆ పిల్లకి కొత్తగా ఇచ్చిన బట్టలు అమ్మి జిన్ తాగింది. ఆ కేసు లండన్‌ని కుదిపేసింది. ఇంగ్లీషులో జిన్‌కి "తల్లుల పాలిట నాశనం" అన్న ముద్దుపేరు కూడా పడింది. మా మూడోవాడి "ఆడవాళ్ళ మందు" వెనక ఇంత చీకటి ఉంది.

ప్రభుత్వం ఏం చేసింది? మనకి బాగా తెలిసిన పనే. 1736లో చట్టం తెచ్చింది. చిల్లరగా అమ్మాలంటే ఏడాదికి 50 పౌండ్ల లైసెన్సు, గాలనుకి 20 షిల్లింగుల పన్ను. అప్పట్లో అది కొట్టువాడు కలలో కూడా కట్టలేని సొమ్ము. దాంతో లైసెన్సు తీసుకున్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది, దొంగచాటుగా అమ్మినవాళ్ళు ఊరంతా. పట్టించినవాళ్ళకి బహుమానం ప్రకటిస్తే, జనం ఆ వేగులవాళ్ళని వీధుల్లో కొట్టారు. 1743లో చట్టాన్ని ఎత్తేశారు. చివరికి 1751లో మధ్యే మార్గం పట్టారు: పన్ను కొంచెం పెంచడం, బట్టీవాళ్ళు నేరుగా చిల్లర అమ్మకుండా ఆపడం, అమ్మేవాడు పక్కాగా దుకాణం ఉన్నవాడై ఉండాలనడం. అది పనిచేసింది. ధాన్యం ధరలు పెరగడమూ కలిసొచ్చింది. నిషేధం కాదు, ఖరారైన నిబంధన పనిచేసిందన్నమాట.

తర్వాత యంత్రం వచ్చింది. ఐర్లండులో ఎక్సైజు ఉద్యోగం చేసి మానేసిన ఈనియస్ కాఫీ అనే ఆయన 1830లో నిరంతరంగా నడిచే బట్టీకి పేటెంటు తీసుకున్నాడు. (మన కాఫీకీ ఆయనకీ సంబంధం లేదు.) పాత కుండ బట్టీలో ఒక్కో వాయి కాయాలి, దానితోపాటు కంపు వాసనలూ దిగుతాయి. కాఫీ బట్టీలో దాదాపు శుభ్రమైన, వాసన లేని స్పిరిట్ వస్తుంది. మురికి లేనప్పుడు దాన్ని కప్పిపుచ్చే పంచదార ఎందుకు? అలా తియ్యటి జిన్ వెనకబడి, తీపి లేని జిన్ వచ్చింది. డ్రై అంటే అదే: పొడి కాదు, తీపి లేనిది. 

ఈ వంద, నూటయాభై ఏళ్ళ అనుభవమే నేటి యూరోపియన్ నిబంధనలో ఉంది. లండన్ జిన్ అని రాయాలంటే రుచులన్నీ అసలైన మొక్కల దినుసుల్ని స్పిరిట్‌తో కలిపి బట్టీ పట్టినప్పుడే రావాలి. తర్వాత ఎసెన్సు పొయ్యకూడదు, రంగు వెయ్యకూడదు. పంచదార లీటరుకి 0.1 గ్రాముకి మించకూడదు. సీసాలోని జిన్ కనీసం 37.5 శాతం ఉండాలి. అందుకే ఇది రెండో సూత్రం: మార్టినీకి లండన్ డ్రై అని రాసున్నదే కొనండి. మార్టినీలో దాక్కోడానికి చోటు లేదు. పళ్ళరసం లేదు, టానిక్ లేదు, సోడా లేదు. విస్కీలాగా ఏళ్ళ తరబడి చెక్క పీపాలో ఊరిన రుచి కూడా లేదు. జిన్ ఎంత శుభ్రమో గ్లాసులో అంతే కనబడుతుంది.

మూడో ముక్క, 42.8. మన దేశంలో సీసా మందు తాగినవాళ్ళందరూ ఈ అంకె చూశారు, ఎందుకో అడిగినవాళ్ళు తక్కువ. నలభై కాదు, నలభై అయిదు కాదు, ఈ చిల్లర ఎక్కడిది? 

పూర్వం మందులో నీళ్ళెంత కలిపారో తేల్చడానికి తుపాకీ మందు మీద పోసి అంటించేవారట. అంటుకుంటే సరుకు రుజువైనట్టు, అంటే ప్రూఫ్. ఆ కథ ఎంత నిజమైనా, 1816లో బ్రిటన్ సైక్స్ హైడ్రోమీటర్ అనే పరికరాన్ని చట్టబద్ధం చేసి ప్రూఫ్‌కి పక్కా లెక్క ఇచ్చింది. ఆ లెక్కలో 100 ప్రూఫ్ అంటే సుమారు 57.1 శాతం ఆల్కహాలు. దాంట్లో ముప్పాతిక, అంటే 75 ప్రూఫ్, ఎంతవుతుంది? 42.8. లేబుల్ మీద "25 అండర్ ప్రూఫ్" అని చూసి ఉంటారే, అదీ దీని మరో పేరే. బ్రిటన్ 1980లో ప్రూఫ్‌ని వదిలేసి మామూలు శాతానికి మారిపోయింది. మన ఎక్సైజు లెక్కల్లో మాత్రం ప్రూఫ్ లీటర్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. రాసినవాడు ఎప్పుడో రిజైన్ చేసి వెళ్ళిపోయాడు, డాక్యుమెంటేషన్ లేదు, ముట్టుకుంటే ఏం విరుగుతుందోనని భయం, కోడ్ మాత్రం నడుస్తూనే ఉంది. ఇలాంటివి మనకి తెలియనివా :)

విచిత్రం ఏమిటంటే ఈ పాత కోడ్ మార్టినీకి మేలే చేసింది. ఇంగ్లండులో చాలా మామూలు జిన్‌లు పన్ను తగ్గించుకోడానికి 37.5కో 40కో దిగిపోయాయి. మన దగ్గర తయారైనవి 42.8 దగ్గర నిలబడ్డాయి. లెక్క వేద్దాం. 60 మిల్లీలీటర్ల జిన్, 12 మిల్లీలీటర్ల డ్రై వెర్మూత్, అది 18 శాతం అనుకుందాం. ఐసుతో కలిపితే పావు వంతు, అంటే 18 మిల్లీలీటర్ల నీళ్ళు చేరతాయి. మొత్తం 90. జిన్ 42.8 అయితే గ్లాసులో బలం 31 శాతం దగ్గర. 37.5 అయితే 27 చిల్లర. కాగితం మీద మూడున్నరే తేడా. కానీ జునిపర్ నూనెల్ని కరిగించి పట్టుకునేది ఆల్కహాలే. అది తగ్గిన కొద్దీ వాసన నీరసించి, గ్లాసులో చల్లటి నీళ్ళు తాగుతున్నట్టుంటుంది. అందుకే మూడో సూత్రం: 42.8కి తగ్గొద్దు, 45, 47 దొరికితే ఇంకా మంచిది.

ఇక్కడే ఇంకో లెక్క కూడా చెప్పాలి. ఆ ఒక్క గ్లాసులో సుమారు 28 మిల్లీలీటర్లు, అంటే 22 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. మన దేశంలో బండి నడిపేవాడి రక్తంలో వంద మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక్క మార్టినీతోనే మామూలు మనిషి ఆ గీత దాటిపోవచ్చు. ఆనందపురం కూడలిలో హైవే లారీల్ని రోజూ చూసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా: తాళాలు ఇంట్లోవాళ్ళకి ఇచ్చాకే ఐసు తియ్యండి.

ఇక నాలుగో ముక్క. అసలు కథ ఇక్కడుంది. ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్. మన దేశంలో తయారైన విదేశీ మందు! ఈ మాటలో ఉన్న వైరుధ్యం రోజూ వింటూ ఉండడం వల్ల మనకి అనిపించదు గానీ, ఒకసారి ఆగి వినండి. మన చెరకు మడ్డితో, మన ఫ్యాక్టరీలో, మన కూలీ తయారుచేస్తే అది ఫారిన్ ఎలా అయింది? ఎందుకంటే తెల్లవాళ్ళ ఎక్సైజు మందుని రెండు జాతులుగా విడగొట్టింది. దేశీ వాళ్ళు తాగేది ఒకటి, దొరలు తాగే తరహాది ఒకటి. జాతిని బట్టి పన్ను, జాతిని బట్టి మర్యాద.

మా వైపు ఈ విభజనకి రక్తం కూడా కారింది. తూర్పు కనుమల్లో కొండవాళ్ళకి జీలుగు కల్లు, తాటికల్లు వట్టి మత్తు కాదు. ఎండాకాలం గింజలు అయిపోయాక కడుపు నింపే తిండి. 1870ల్లో గోదావరి జిల్లా రంపలో ఈ కల్లుకి కొత్త అబ్కారీ నిబంధనలొచ్చాయి. గీత హక్కు కంట్రాక్టర్ల చేతికి పోయింది. సొంత చెట్టు కల్లు తాగడానికి డబ్బు కట్టమన్నారు. మన్సబ్‌దారు అంతకుముందు నుంచే చిగురుపన్ను పేరుతో పిండుతున్నాడు. 1879 మార్చిలో రంప తిరగబడింది. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర లాంటివాళ్ళు ముందు నడిచారు. పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. అది మన విశాఖ జిల్లా గొలుగొండకీ, అటు భద్రాచలం వైపుకీ పాకింది. అణచడానికి మద్రాసు సైన్యాన్నీ, హైదరాబాదు కంటింజెంట్ గుర్రపు దళాన్నీ దించాల్సి వచ్చింది. 1880 దాకా పట్టింది. చివరికి మన్సబ్‌దారుని తీసేశారు. అల్లూరి సీతారామరాజు అదే మన్యంలో పోరాడడానికి నాలుగు దశాబ్దాల ముందు మాట ఇది. లండన్‌లో జిన్ పన్ను మీద జనం వేగులవాళ్ళని కొట్టారు. రంపలో కల్లు పన్ను మీద ఏకంగా యుద్ధమే చేశారు.

ఆ తర్వాత 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. తాటిచెట్టుకి పన్ను, సారాకి కాంట్రాక్టు, దుకాణానికి వేలం. సర్కారుకి మందు ఒక పంట అయింది. ఆ లెక్కల పుస్తకంలో ఒక్క అంకణం మాత్రం ఎప్పుడూ లేదు: ఈ సారా బాగుందా, శుభ్రంగా ఉందా, దీన్ని ఇంకా మంచిగా ఎలా కాయొచ్చు అన్నది. 

స్వాతంత్ర్యం దగ్గరకొచ్చేసరికి లోలకం రెండో వైపుకి ఊగింది. రాజాజీ 1937లో సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా పాకింది. చెట్టెక్కడం తప్ప వేరే పని తెలియని గీత కార్మికులు ఒక్కసారిగా నేరస్థులైపోయారు. మోకు, గీతకత్తి, లొట్టి, ఇవే సాక్ష్యాలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నిషేధం ఎలా నడుస్తోందో చూడమని ఎస్వీ రామమూర్తి కమిటీని వేశారు. అది నిషేధం ఎత్తెయ్యమంది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం అందుకు సిద్ధపడలేదు. శ్రీకాకుళం జిల్లా బారువ నుంచి వచ్చిన గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున నిలబడ్డారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం నెగ్గింది, ఒక్క ఓటు తేడాతో. మన తెలుగువాళ్ళ మొట్టమొదటి సొంత ప్రభుత్వం కూలింది కల్లు మీద. ఈ సంగతి స్కూల్లో మాకెవరూ చెప్పలేదు.

1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చింది. కానీ దాని ఎముకలు 1886వే. 1980ల్లో వారుణివాహిని పేరుతో సర్కారు తానే సారా ప్యాకెట్లు ఊరూరికీ పంపింది. మా వైపు ఊళ్ళలో ఆ ప్యాకెట్ల వల్ల ఇంట్లో పొయ్యి వెలగని రాత్రులు నా వయసువాళ్ళకి బాగానే గుర్తుండాలి. అప్పుడు నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ, పాఠంలో తమ కథే చదువుకుని, 1992లో సారా కొట్టుకి అడ్డం నిలబడ్డారు. రోశమ్మగారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రంలో సారాని నిషేధించింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు. తాగాలనుకున్నవాళ్ళు యానాం బస్సులెక్కారు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధం సడలించింది.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. 1997లో తిరిగొచ్చింది ఏది? సీసా మందు. సారా రాలేదు. కానీ చవక బ్రాందీలో, చవక జిన్‌లో ఉన్నదేమిటి? ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్, ఎక్కువగా మొలాసిస్ అనే చెరకు మడ్డి నుంచి తీసింది. నీళ్ళు కలిపి, రంగూ ఎసెన్సూ పోస్తే బ్రాందీ. జునిపర్ వాసన తగిలిస్తే జిన్. సారా ప్యాకెట్లోదీ ఆ స్పిరిట్ చుట్టమే. తేడా చొక్కాలో ఉంది. ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా ఆరు వరసల రోడ్డు మీద వెళ్తుంటే నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ చివర దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్టు, చుట్టూ చెరకు. అదే చెరకు మడ్డి ఫ్యాక్టరీకి వెళ్తే ఫారిన్ లిక్కర్. అదే చెరకు నల్లబెల్లమై తోటలోకి వెళ్తే నాటుసారా కేసు.

దూబగుంట ఆడవాళ్ళు చేసింది తప్పని నేననడం లేదు. పొరపాటున కూడా అలా చదవకండి. వాళ్ళు రుచి మీద పోరాడలేదు, కూలి డబ్బులు ఇంటికి రావాలని పోరాడారు. వాళ్ళది నూటికి నూరు పాళ్ళు న్యాయం. నా ఫిర్యాదు సర్కార్ల మీద. నూటయాభై ఏళ్ళలో వాళ్ళకి రెండే బటన్లు తెలిశాయి: వేలం, నిషేధం. మూడో బటన్, అంటే "ఏం కాస్తున్నావో, ఎంత శుభ్రంగా కాస్తున్నావో లేబుల్ మీద రాయి" అన్నది, దేశీ మందు విషయంలో ఎవరూ నొక్కలేదు. 2019 అక్టోబరులో ఆంధ్రలో దుకాణాలు సర్కారు చేతికొచ్చాయి. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలు లాటరీలో మళ్ళీ ప్రైవేటుకి వెళ్ళాయి, 99 రూపాయల క్వార్టరు వచ్చింది. ఈ రెండుసార్లూ చర్చంతా అమ్మేది ఎవరు, ధర ఎంత అన్నదాని మీదే. సీసాలో ఏముందన్నది ఎప్పుడూ రెండో ప్రశ్నే.

మరి వేరే చోట్ల? గోవావాళ్ళ జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదీ ఒకప్పుడు పేదవాడి సారానే. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇప్పపువ్వు సారాని వారసత్వ మద్యంగా గుర్తిస్తామని ముందుకొచ్చింది. మన మన్యంలో ఇప్పచెట్లకి కొదవ లేదు. ఆ సారా మాత్రం లేబుల్ వేసుకుని దుకాణం బల్లమీద కూర్చోలేదు. టర్పెంటైన్ జిన్‌కి దొరికిన రెండో ఛాన్సు దానికి రాలేదు.

సరే, మార్టినీ సంగతికొస్తే. 1880ల్లో అమెరికా బార్ల పుస్తకాల్లో కనబడటం మొదలుపెట్టిన పానీయం ఇది. మొదట్లో తియ్యగా ఉండేది, తర్వాత తర్వాత డ్రై అయింది. రెండే సరుకులు: జిన్, డ్రై వెర్మూత్. వెర్మూత్ అంటే మూలికలు వేసిన ద్రాక్ష సారాయం. దాని పేరు జర్మన్ మాట వెర్ముట్ నుంచి వచ్చింది, అదొక ఆర్టెమీసియా జాతి చేదు మొక్క. దాని తోబుట్టువు మనందరి ఇళ్ళకీ ఏడాదికోసారి వస్తుంది. వినాయక చవితి పత్రిలో మొదటిది, మాచీపత్రి. పూజ అయ్యాక నలిపి వాసన చూడండి, వెర్మూత్ ఏమిటో కొనకుండానే అర్థమవుతుంది. 

ఇప్పుడు కొనాల్సింది తేలిపోయింది. లండన్ డ్రై అని ఉండాలి. 42.8 కానీ పైన కానీ ఉండాలి. జునిపర్ ముందు పలకరించాలి. బీఫీటర్, టాంకరే లాంటి పాతకాపులు ఈ మూడింటికీ సరిపోతాయి, శాతం మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి చూసి కొనండి. మనదే కావాలంటే 2017లో వచ్చిన గ్రేటర్ దాన్ లండన్ డ్రై పద్ధతిదే, మార్టినీకి చక్కగా కుదురుతుంది. వాళ్ళదే హపుస, హిమాలయ జునిపర్‌తో చేసింది. పేరు ఎక్కడిదో ఇప్పుడు మీకు తెలుసు. దాని మట్టివాసన, పసుపు ఛాయ క్లాసిక్ మార్టినీకి కొంచెం ఎక్కువనిపిస్తుంది నాకు, ఇష్టమైతే అది వేరే. వెర్మూత్ మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టండి, నెల రెండు నెలల్లో వాడెయ్యండి. అది ద్రాక్ష సారాయమే కాబట్టి పులుస్తుంది. బోలెడు ఐసు వేసి గరిటతో అర నిమిషం తిప్పండి, వడకట్టండి. నిమ్మతొక్క చాలు.

నీలం సీసావాడికీ, ఖరీదువాడికీ, ఆడవాళ్ళ మందువాడికీ ఇదే నా జవాబు. మంచి జిన్ అంటే, నాలుగొందల ఏళ్ళ కిందట పుట్టి, ఒక ఊరిని సర్వనాశనం చేసి, ఆ తర్వాత ఎవరో పట్టుబట్టి బాగుచేయించిన నాటుసారా. ఆ పట్టుదల మనవాళ్ళు మన చెట్ల మీద కూడా పెట్టి ఉంటే ఈపాటికి లండన్‌లో ఎవడో కుర్రాడు మంచి ఇప్పసారా ఏదని తోటివాళ్ళని అడుగుతూ ఉండేవాడేమో. మా ఆనందపురం చేలగట్ల మీద తాటిచెట్లు ఇప్పుడు లేఅవుట్ రాళ్ళకి చోటిస్తున్నాయి. చెట్టు లేకపోయాక లేబుల్ ఎవరికి?

మీ ఊళ్ళో కల్లు, సారా చరిత్ర పెద్దవాళ్ళు ఏమైనా చెప్పుంటే రాయండి. అవి ఏ గెజిట్‌లోనూ ఎక్కని సంగతులు. అడిగేవాడు లేక మనతోనే పోతాయి.